నల్ల కారు తుడిచిన చెయ్యి

మార్చి 3, మంగళవారం

పొద్దున టీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. స్టీలుది కాబట్టి పగల్లేదు. టీ మాత్రం మా ఆయన చెప్పుల మీద ఒలికింది. "వీటికి కూడా టీ అలవాటు చేస్తున్నావా?" అన్నారు. నవ్వేశాను. ఆయన సెలూన్‌కి వెళ్ళాక కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసుకున్నాను. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. మందపాటి గ్లౌజు మీంచి ఎవరో నొక్కుతున్నట్టుంది. చిటికెనవేలు బాగానే ఉంది.

అమ్మకీ గ్లాసు జారడంతోనే మొదలైంది. ఏ నెలలో, ఏ వేలితో అంటే ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. డాక్టరు ప్రతిసారీ "ఎప్పుడు మొదలైంది?" అని అడిగేవాడు. మేం ప్రతిసారీ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకునేవాళ్ళం. తర్వాత ఎనిమిదేళ్ళు మంచంలో ఉంది. ఆ ఎనిమిదేళ్ళూ అన్నం తినిపించింది, ఒళ్ళు తుడిచింది నేనే.

అందుకే రాసుకుంటున్నాను. హాస్టల్లో ఉన్న మా అమ్మాయి పాత స్కూలు నోటుబుక్కులో సగం పేజీలు ఖాళీగా మిగిలాయి. వెనక నుంచి మొదలుపెట్టాను. కుట్టుమిషను సొరుగులో పెడతాను. ఆ సొరుగు ఆయన ఎప్పుడూ తెరవరు, సూదులంటే భయం. రోజూ కత్తెర పట్టే మనిషికి!

మార్చి 4, బుధవారం

చెయ్యి బాగానే ఉంది. పదకొండు కార్లు తుడిచాను.

మార్చి 5, గురువారం

ఇవాళ కళ్ళ డాక్టరమ్మ కారు వచ్చే రోజు. నల్ల కారు. నల్ల కారంటే మా కార్లు కడిగే షెడ్డులో అందరికీ కాస్త గుబులే. తెల్ల కారు మన తప్పుల్ని కడుపులో దాచుకుంటుంది, నల్లది నలుగురిలో చెప్పేస్తుంది. ఆస్పత్రి దగ్గర రోడ్డు తవ్వేశారట, కారు నిండా దుమ్మూ ఇసుకా. పైపు బాబాయ్ మామూలు కంటే రెండింతలు సేపు నీళ్ళు కొట్టాడు. చివర్లో పైపు మూతి ఊడదీసి, కారు కప్పు మీంచి నీళ్ళు మెల్లగా వదిలాడు. అలా వదిలితే నీళ్ళు చుక్కలుగా నిలబడవు, దుప్పటి లాగినట్టు మొత్తంగా జారిపోతాయి. సగం తడి దానంతటదే పోతుంది. తుడుపు ఎంత తగ్గితే రంగుకి అంత మంచిది. పదకొండేళ్ళుగా మా ఇద్దరి ఒప్పందం అది. కడిగేది బాబాయ్, ఆరబెట్టేది నేను.

ఎండ తొందరగా వచ్చేసింది. షెడ్డు నీడ బానెట్ దాకా రాలేదు. నీటి చుక్కలు ఎండకి ఆరితే తెల్లమచ్చలు కూర్చుంటాయి, అంత తేలిగ్గా వదలవు. తొందరపడ్డాను. పెద్ద తువ్వాలు పరిచి, రెండు కొసలు పట్టుకుని, దాని బరువుతోనే నా వైపు లాక్కోవాలి. రెండు చేతులూ సమానంగా ఆడాల్సిన పని అది. కుడిచేతి కొస మాటిమాటికీ జారింది. బానెట్ దగ్గరికొచ్చేసరికి లాగకుండా మామూలుగా తుడిచేశాను. కొంచెమే. మధ్యలో తువ్వాలు ఒకసారి కింద పడింది. పడ్డా అంచే తగిలింది. చూశాను. శుభ్రంగానే ఉంది.

"అద్దంలా ఉంది" అంది డాక్టరమ్మ వెళ్తూ.

మార్చి 6, శుక్రవారం

డాక్టరమ్మ నుంచి ఫోనేమీ రాలేదు. ఎందుకొస్తుంది? కారు శుభ్రంగా వెళ్ళింది.

మార్చి 7, శనివారం

డాక్టరమ్మ వచ్చింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఓనరుని పిలిచి, కారుని ఎండలోకి తీయించి, బానెట్ ముందు నిలబెట్టింది. "ఇక్కడి నుంచి వంగి చూడండి" అంది. ఓనరు వంగాడు. నేను వంగలేదు, నిలబడ్డ చోటికే కనపడింది. డ్రైవరు వైపు, విల్లులా వంగిన గీతలు. ఏడో ఎనిమిదో. వాటి చుట్టూ సాలెగూడులా సన్నవి ఇంకెన్నో.

"నేను రోజంతా జనం కళ్ళలో నలుసులు వెతుకుతాను" అంది డాక్టరమ్మ. "నాకు కనపడకుండా ఉంటుందా?"

ఓనరు ముందు రోడ్డు తవ్వకాల గురించి అడిగాడు. ఇసుక అన్నాడు. ఇసుక పూర్తిగా పోకముందే తుడిస్తే ఇలాగే అవుతుందన్నాడు. తర్వాత పైపు బాబాయ్ వైపు తిరిగాడు.

"పెద్దాయనా, గురువారం సరిగ్గా కొట్టావా నీళ్ళు?"

బాబాయ్‌కి అరవై మూడేళ్ళు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకుని పెట్టుకున్నాడు. బానెట్ మీద చెయ్యి వేశాడు, కానీ తడమలేదు, ఊరికే వేసి ఉంచాడు.

"కొట్టాననే అనుకున్నాను బాబూ. కళ్ళకి ఆనలేదేమో. నాదే అయ్యుంటుంది."

"అక్క చేతిలో పదకొండేళ్ళలో ఒక్క గీత పడలేదు" అన్నాడు ఓనరు డాక్టరమ్మతో, నన్ను చూపించి.

నేను అప్పుడు తువ్వాళ్ళు పిండుతున్నాను. నీళ్ళ చప్పుడు బాగా ఉంది.

సోమవారం నుంచి పైపు ఓనరే పట్టుకుంటాడట. బాబాయ్ మ్యాట్లు దులపాలట.

మార్చి 8, ఆదివారం

గురువారం పేజీ మళ్ళీ తీసి చదివాను. "చూశాను. శుభ్రంగానే ఉంది" అని ఉంది. అదే రోజు రాసుకున్నాను, నా చేతిరాతే. ఇంకేం కావాలి?

ఆయన అడిగారు, "ఎడమచేత్తో దువ్వుకుంటున్నావేంటి?" అని. పాపిడి వంకరగా వచ్చిందట. అవతలి వాళ్ళ తల కనిపిస్తే చాలు ఈయనకి, ఆదివారం కూడా సెలవు లేదు.

మార్చి 9, సోమవారం

బాబాయ్ గోడ దగ్గర మ్యాట్లు దులుపుతున్నాడు. ఒక్కో మ్యాటూ దులిపి, ఎండకి ఎత్తి పట్టుకుని చూసి, మళ్ళీ దులుపుతున్నాడు. మధ్యాహ్నం నా పక్కన కూర్చుని డబ్బా విప్పాడు.

"కళ్ళు చూపించుకోవాలమ్మాయ్" అన్నాడు.

"చూపించుకో బాబాయ్, మంచిదే" అన్నాను.

మంచిదే అన్నాను!

మార్చి 10, మంగళవారం

తొమ్మిది కార్లు. అన్నీ తెల్లవీ బూడిదరంగువీ. చెయ్యి బాగానే ఉంది.

మార్చి 11, బుధవారం

ఇవాళ రెండుసార్లు పెన్ను జారింది. ఈ అక్షరాలు చూస్తే కోళ్ళు తిరిగినట్టున్నాయి.

ఆయన ఇంకా రాలేదు. వంటింట్లో ఒక పని చేశాను. తువ్వాలు నాలుగు మడతలు వేసి బల్ల మీద పెట్టి, దాని మీద చిటికెడు ఉప్పు చల్లాను. కళ్ళు మూసుకుని ఎడమచేత్తో తడిమాను. ప్రతి రవ్వా తెలిసింది. తర్వాత కుడిచేత్తో. మెత్తగా, శుభ్రంగా ఉంది. ఉప్పు ఇంకొంచెం చల్లాను. శుభ్రంగా ఉంది. గుప్పెడు చల్లాను. కళ్ళు తెరిచి చూస్తే వేళ్ళ కింద తెల్లగా పరుచుకుని ఉంది ఉప్పు, నాకు మాత్రం ఏదో గరుకు, అంతే.

తుడిచే ముందు తువ్వాలు తడిమి చూసుకోవడం నాకు అలవాటు. "నీ వేళ్ళకి కళ్ళున్నాయమ్మాయ్" అంటాడు బాబాయ్. కళ్ళతో చూడాల్సిన అవసరమే ఎప్పుడూ రాలేదు.

గురువారం పేజీలో చూశాను అని రాశాను. చూడలేదు. తడిమాను. అంచు కూడా కాదు, తువ్వాలు మొత్తం పడింది, కాలవ పక్కన, అన్ని కార్ల ఇసుకా వచ్చి చేరే చోట. తీసి, దులిపి, తడిమి, బానెట్ మీద వేసి రుద్దాను. కింద పడ్డ గుడ్డ కింద పడ్డట్టే, దాన్ని ఉతికేదాకా ముట్టుకోకూడదు. ఆ మాట షెడ్డులో అందరికీ చెప్పేదాన్ని నేనే.

బాబాయ్ రెండింతలు సేపు నీళ్ళు కొట్టాడు. అది కూడా నేనే రాశాను, అదే పేజీలో.

మార్చి 12, గురువారం

నల్ల కారుని పాలిష్ మేస్త్రి దగ్గర పెట్టారు. రంగు మీద పలచటి పైపూత ఉంటుంది, గీతలు పోవాలంటే దాన్ని మిషనుతో ఇంకాస్త అరగదీయాలి. "మన చర్మం లాంటిది. ఒకసారి గీకొచ్చు, రెండుసార్లు గీకొచ్చు. ప్రతిసారీ గీకుతానంటే కుదరదు" అన్నాడు మేస్త్రి. మిషను బానెట్ మీద తిరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. ఓనరుతో చెబుదామని రెండుసార్లు గది దాకా వెళ్ళాను. మొదటిసారి ఫోన్లో ఉన్నాడు. రెండోసారి ఫోన్లో లేడు.

చెబితే, తర్వాత చెయ్యి గురించి చెప్పాలి. చెయ్యి గురించి చెబితే అది నిజమైపోతుంది. మంచం, ఎనిమిదేళ్ళు. ఈయన నాకు తినిపించడం. అమ్మ నా మొహంలోకి చూడకుండా నోరు తెరిచేది. ఎందుకో అప్పుడు తెలిసేది కాదు.

మార్చి 13, శుక్రవారం

బాబాయ్ నెలాఖరుకి మానేస్తాడట.

మ్యాట్లు మోస్తూ మామూలుగా చెప్పాడు, వాన పడేలా ఉంది అన్నట్టు. ఎందుకు బాబాయ్ అన్నాను. "ఇంట్లో ప్లేటు కడిగినా మీ పిన్నికి చూపించుకుంటున్నానమ్మాయ్, శుభ్రంగా ఉందా లేదా అని. మొన్న ఆవిడకి విసుగొచ్చి, నీకేమైందయ్యా అంది. ఏమైందో నాకు తెలిస్తే కదా! నా చేతిపని మీద నాకే నమ్మకం లేనప్పుడు ఇంకొకళ్ళ వస్తువు ఎలా ముట్టుకోను?"

ఇంటికొచ్చి ఆయన కోసం ఎదురుచూశాను. వచ్చి చెప్పులు విప్పుతుండగానే చెప్పేశాను. ముందు చెయ్యి సంగతి. ఆయన చెప్పుల దగ్గరే కూర్చుండిపోయారు.

"మీ అమ్మకి వచ్చినట్టా?"

"తెలీదు."

నా చెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. బొటనవేలు కింద కండ పల్చబడిందట. "చేతులతోనే బతికేవాణ్ణి, పక్కనున్న చెయ్యి చూసుకోలేదు" అన్నారు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు, చెయ్యి వదల్లేదు.

అప్పుడు కారు సంగతి కూడా చెప్పాను.

"పెద్దాయనకి తెలుసా?" అన్నారు.

"తెలీదు."

"మానేస్తానన్నది అందుకేనా?"

తలూపాను. ఆయన లేచి వెళ్ళి పొయ్యి వెలిగించారు. ఇవాళ వంట ఆయనే చేశారు. ఉప్పు లేదు, నేనూ అడగలేదు.

మార్చి 14, శనివారం

చెప్పేశాను.

ఓనరు గదిలో డాక్టరమ్మ కూడా ఉంది, పాలిష్ పూర్తయిన కారు తీసుకెళ్ళడానికొచ్చింది. తర్వాత వద్దాంలే అనుకున్నాను. కాళ్ళు వెనక్కి తిరిగాయి కూడా. బయట బాబాయ్ మ్యాట్లు గోడకేసి కొడుతున్నాడు. ఫట్, ఫట్, ఫట్. కొట్టి, ఆగి, మళ్ళీ కొడుతున్నాడు. ఆ ఆగినప్పుడల్లా మ్యాటు ఎత్తి చూసుకుంటున్నాడని నాకు తెలుసు.

"బాబాయ్, ఒకసారి ఇలా రా" అని కేకేశాను. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ గీతలు నావి" అన్నాను. "ఆ గురువారం తువ్వాలు కాలవ దగ్గర పడింది. దాంతోనే తుడిచాను. బాబాయ్ నీళ్ళు బాగానే కొట్టాడు, రోజూ కంటే ఎక్కువే కొట్టాడు. ఇదంతా నాకు పోయిన శనివారం నాడే తెలుసు."

ఓనరు కుర్చీలోంచి లేచాడు. "తెలుసా? తెలిసి వారం రోజులు ఊరుకున్నావా అక్కా?"

"ఊరుకున్నాను."

"కింద పడ్డ గుడ్డతో నువ్వు తుడవడమేంటి? నన్నే తిట్టావు కదా ఒకసారి, పడ్డ గుడ్డ ముట్టుకున్నానని!"

"నా వేళ్ళకి తెలియలేదు. తడిమాను, శుభ్రంగా ఉందనుకున్నాను. ఈ మూడు వేళ్ళకీ ఏమీ తెలియడం లేదు." అంటూ చెయ్యి విదిలించాను. ఈ మధ్య తిమ్మిరెక్కినప్పుడల్లా అలా విదిలించడం అలవాటైపోయింది.

గుమ్మం వైపు చూశాను. బాబాయ్ లేడు. ఎప్పుడు వెళ్ళాడో తెలియలేదు.

ఓనరు ఇంకా ఏదో అనబోతుంటే డాక్టరమ్మ ఆపింది. "ఇప్పుడు చెయ్యి విదిలించారు కదా, ఎందుకు?" అంది.

"తిమ్మిరండీ."

"తెల్లవారుజామున తిమ్మిరితో మెలకువ వస్తుందా? విదిలిస్తే తగ్గుతుందా?"

ఈవిడకెలా తెలుసు అనుకున్నాను. "అవునండీ."

"చిటికెనవేలు?"

"అది బాగానే ఉందండీ."

"ఇలా ఇవ్వండి చెయ్యి." నా అరచెయ్యి పైకి తిప్పి, మణికట్టు మధ్యలో తన వేలితో టకటకా రెండుసార్లు కొట్టింది. కరెంటు తగిలినట్టు మూడు వేళ్ళూ జివ్వుమన్నాయి. కెవ్వుమన్నాను. ఆవిడ మాత్రం నవ్వుతోంది.

"నేను కళ్ళ డాక్టర్ని. చేతుల గురించి గట్టిగా చెప్పకూడదు. మా ఆస్పత్రిలోనే ఎముకలూ నరాలూ చూసే ఆయన ఉన్నారు, సోమవారం వచ్చి చూపించుకోండి. నేను చెప్పి ఉంచుతాను."

"మా అమ్మకి కూడా ఇలాగే మొదలైందండీ" అన్నాను. "ఎనిమిదేళ్ళు మంచంలో ఉంది."

"అమ్మకి ఈ మూడు వేళ్ళేనా?"

ఎవరూ రాసిపెట్టలేదు. కానీ ఆవిడ అడిగాక గుర్తొచ్చింది, అమ్మకి చెయ్యి మొత్తం పడిపోయింది, చిటికెనవేలితో సహా, ఆ నెలలోనే కాలు కూడా ఈడ్చేది. చెప్పాను.

"పరీక్ష చేయకుండా నేనేమీ అనను. కానీ మీ చిటికెనవేలు బాగుండటం నాకు నచ్చింది" అంది.

కళ్ళ డాక్టరమ్మకి నా చిటికెనవేలు నచ్చిందట! ఇంటికొచ్చి ఈయనకి చెబితే, అదే వేలు ఆయన చేతిలో పెట్టుకుని కూర్చున్నారు.

బాబాయ్ సాయంత్రం నాతో ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

మార్చి 16, సోమవారం

ఆస్పత్రి. చేతికి తీగలు అంటించి, చిన్న చిన్నగా కరెంటు పెట్టి చూశారు. ఫలితం రేపు. ఆయన సెలూన్ మూసి నాతో వచ్చారు. వరండాలో కూర్చున్న ప్రతివాడి క్రాఫూ ఎవరు ఎక్కడ చెడగొట్టారో చెప్పుకుంటూ నన్ను నవ్వించాలని చూశారు. ఆయన మోకాలు మాత్రం ఒక్క నిమిషం ఆగలేదు, ఊగుతూనే ఉంది.

మార్చి 17, మంగళవారం

అమ్మ జబ్బు కాదు.

అమ్మ జబ్బు కాదు.

మణికట్టు దగ్గర నరం వెళ్ళే దారి ఇరుకైపోయిందట. ఆ నరం వెళ్ళేది ఆ మూడు వేళ్ళకేనట, చిటికెనవేలిది వేరే దారి. "ఏం పని చేస్తారు?" అని అడిగాడు డాక్టరు. కార్లు తుడుస్తానన్నాను. "రోజుకి ఎన్ని తువ్వాళ్ళు పిండుతారు?" అన్నాడు. ఎప్పుడైనా లెక్కపెట్టుకుంటేగా! చిన్న ఆపరేషను, మెలకువగా ఉండగానే, ఇరవై నిమిషాలు. నెలా వారం రోజుల్లో పనికి వెళ్ళొచ్చు. ఆలస్యం చేసి ఉంటే మాత్రం కండ ఇంకా తగ్గిపోయేదట.

"అయితే మంచాన పడేది కాదంటారా?" అని అడిగాను. కాదన్నాడు. కాసేపాగి మళ్ళీ అడిగాను. కాదన్నాడు. మూడోసారి అడగబోతుంటే కాగితం లాక్కుని "ఇది మీ అమ్మగారి జబ్బు కాదు" అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు. ఈ పేజీకే అంటించాను.

బస్టాపులో ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. పక్కనున్నావిడ పాపం "ఎవరికైనా సీరియస్‌గా ఉందా అమ్మా?" అని అడిగింది. "లేదండీ, ఎవరికీ ఏమీ లేదు" అన్నాను. ఇంకా ఎక్కువ ఏడ్చాను. ఈయన రెండు ఐస్‌క్రీములు కొనుక్కొచ్చి, రెండూ కరిగిపోయేదాకా నా పక్కన నిలబడ్డారు.

ఏడవడం అయ్యాక ఒకటే అనిపించింది. శనివారం ఆ గదిలో నోరు విప్పకపోయి ఉంటే ఇవాళ ఈ కాగితం నా దగ్గర ఉండేది కాదు.

మార్చి 18, బుధవారం

బాబాయ్ చేతికి మళ్ళీ పైపు వచ్చింది. ఓనరు అందరి ముందూ, "తప్పు నాది పెద్దాయనా, అడక్కుండానే తేల్చేశాను" అన్నాడు. బాబాయ్ తలూపి పని మొదలుపెట్టాడు. నన్ను ఆపరేషను దాకా కార్లు ముట్టుకోవద్దన్నారు. తువ్వాళ్ళు మడతపెడుతూ కూర్చున్నాను. బాబాయ్ నా ముందు నుంచే ఆరుసార్లు నడిచాడు. ఆరుసార్లూ గోడనే చూస్తూ.

అడగడానికి నాకు మొహం లేదు.

మార్చి 21, శనివారం

ఎడం చేత్తో రాస్తున్నా. నిన్న అయిపోయింది. నొప్పి ఉంది. తిమ్మిరి లేదు.

మార్చి 26, గురువారం

ఎడమచేత్తోనే, మెల్లగా. కానీ ఇది ఇవాళే రాయాలి.

సాయంత్రం తలుపు కొట్టారు. ఈయన కాదు, ఈయన తలుపు కొట్టరు, అరుస్తారు. తీస్తే బాబాయ్. చేతిలో ఏమీ లేదు, పరామర్శకి వచ్చినట్టు లేడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"కట్టు ఎప్పుడు విప్పుతారు?"

"వచ్చే వారం బాబాయ్."

"ఊ." గది అంతా చూశాడు. "నువ్వు గీతలు పెట్టావని కాదమ్మాయ్ నా కోపం. నలభై ఏళ్ళ నుంచి వాహనాల మధ్యే ఉన్నాను, నేను పెట్టని గీతా? అది కాదు. ఆ వారం రోజులు నేను నా చేతుల్ని నమ్మలేదు. కళ్ళని నమ్మలేదు. ప్లేట్లు, గ్లాసులు, చివరికి మొహం కడుక్కున్నా అద్దంలో రెండుసార్లు చూసుకున్నాను. పక్కనే కూర్చుని అన్నం తిన్నావు. కళ్ళు చూపించుకో, మంచిదే అన్నావు."

"అన్నాను బాబాయ్."

"ఆ వారం నాకు తిరిగి ఇవ్వగలవా?"

ఏదో ఒకటి చెప్పాలనిపించింది. భయం, అమ్మ, మంచం, అన్నీ నోటిదాకా వచ్చాయి. అవన్నీ నిజాలే. కానీ ఆయన అడిగింది వాటి గురించి కాదు.

"ఇవ్వలేను బాబాయ్."

నా మొహంలోకి చూశాడు, ఆ శనివారం తర్వాత మొదటిసారి.

"ఇవ్వలేవు" అన్నాడు. "నిజమే." తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరే, ఒంటిచేత్తో టీ పెట్టగలవా, నన్ను పెట్టమంటావా?"

"పెట్టగలను."

"వద్దులే, మళ్ళీ ఎక్కడ పారబోస్తావో" అని లేచి తనే వంటింట్లోకి వెళ్ళాడు. పంచదార ఎక్కడుందని అడిగాడు. టీపొడి ఎక్కడుందని అడిగాడు. గిన్నె ఎక్కడుందని అడిగాడు. ఇంతకంటే నేనే పెట్టడం తేలిక. కానీ వంటింట్లోంచి ఆ గొంతు వినపడుతుంటే గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. పన్నెండు రోజుల తర్వాత భుజాలు కిందికి దిగాయి.

ఈయన వచ్చేసరికి ఇద్దరం టీ తాగుతున్నాం. బాబాయ్ తల చూసి "ఎవరు కత్తిరించారు ఇది?" అన్నారు. "మీ పిన్ని" అన్నాడు బాబాయ్. ఇక ఈయన ఆగుతారా!

బాబాయ్ నెలాఖరుకి మానెయ్యడం లేదు. నేను అడగలేదు. "ఏప్రిల్లో వచ్చెయ్, ఓనరు తుడుస్తుంటే చూడలేకపోతున్నాను" అని గుమ్మంలో చెప్పి వెళ్ళాడు.

ఏప్రిల్ 9, గురువారం

కుడిచేత్తో రాస్తున్నాను. బల్ల చెక్క ఈనె తెలుస్తోంది చూపుడువేలికి. బొటనవేలు ఇంకా కొంచెం మొద్దుగానే ఉంది, టైము పడుతుందన్నారు.

ఏప్రిల్ 27, సోమవారం

ఇవాళ పనిలో చేరాను.

ఓనరు ముందు ఒక తెల్ల కారిచ్చాడు. అది మంచిదే, నేనూ అదే అడుగుదామనుకున్నాను. తువ్వాళ్ళు పిండే పని మాత్రం మిషనుకి అప్పజెప్పాడు, ఎక్కడి నుంచో పాత బట్టల మిషను ఒకటి తెచ్చి మూల పెట్టాడు. "అక్కా, నువ్వు ఇక చేత్తో పిండితే డాక్టరమ్మ నన్ను పిండేస్తుంది" అన్నాడు.

మూడు కార్లయ్యాక నల్ల కారు వచ్చింది. ఎప్పుడూ వచ్చే గురువారం కాదు. డాక్టరమ్మ కావాలనే ఇవాళ వచ్చినట్టుంది. దిగి, ముందు నా చెయ్యి చూసింది, మచ్చ చూసింది, నా చేత వేళ్ళు ముడిపించి విప్పించింది. తర్వాత కారు అప్పగించింది.

బాబాయ్ నీళ్ళు కొట్టాడు. నురగ పెట్టాడు, మళ్ళీ కొట్టాడు. మూతి తీసి కప్పు మీంచి వదిలాడు. కారంతా నీడలోనే ఉంది. నేను తువ్వాలు తీసి వెలుతురుకి పట్టి రెండు వైపులా కళ్ళతో చూశాను, తర్వాత వేళ్ళతో తడిమాను. కప్పు మీద పరిచాను. రెండు కొసలూ పట్టుకుని లాగాను. రెండు చేతులూ కలిసి వచ్చాయి. తువ్వాలు వెళ్ళిన దారంతా పొడిగా, నల్లగా, మెరుస్తూ తేలింది.

"అంతేనా? చూడ్డానికి తేలిగ్గానే ఉందే! ఒకటివ్వండి, నేనూ చేస్తాను" అంది డాక్టరమ్మ.

ఉతికిన తువ్వాలు ఇంకోటి ఇచ్చాను. ఆవిడ దాన్ని ఉండలా చుట్టి, డోరు మీద గుండ్రంగా గిరగిరా రుద్దబోయింది. నేను ఒక్క అంగలో వెళ్ళి ఆవిడ మణికట్టు పట్టేసుకున్నాను.

"అలా రుద్దకండి డాక్టరుగారూ! కంట్లో మందు వేసి ఇలా రుద్దుతారా మీరు?"

ఆవిడ బిత్తరపోయింది. నేనూ బిత్తరపోయాను, పట్టుకున్నది ఎవరి చెయ్యో గుర్తొచ్చి. వెనక నుంచి బాబాయ్ అన్నాడు:

"డాక్టరమ్మ గీతలు పెడితే ఈసారి నేను ఒప్పుకోనమ్మాయ్. ముందే చెప్తున్నా."

ముందు నవ్వింది ఆయనే. తర్వాత డాక్టరమ్మ. తర్వాత నేను ఆపుకోలేక డోరుకి ఆనుకోబోయి, డోరు తడిగా ఉందని గుర్తొచ్చి స్తంభానికి ఆనుకుని నవ్వాను. గదిలోంచి ఓనరు తొంగిచూసి, ఏమైందో తెలియకుండానే నవ్వాడు.

కొసలు ఎలా పట్టుకోవాలో ఆవిడకి చూపించాను. నొక్కకూడదు, గుడ్డ బరువు చాలు. చుక్క మిగిలిన చోట అద్దినట్టు అద్దాలి. కింది భాగాలకి వేరే గుడ్డ, చక్రాలకి ఇంకోటి. ఆవిడ డిక్కీ మొత్తం తనే ఆరబెట్టింది, నాలుక కొరుక్కుంటూ, పరీక్ష రాస్తున్నట్టు. నేను బానెట్ చేశాను. బాబాయ్ అద్దాల సందుల్లో ఉన్న నీళ్ళు గాలిపైపుతో ఊదేశాడు.

అంతా అయ్యాక కారుని ఎండలోకి తీయించాం. ముగ్గురం బానెట్ ముందు వంగాం. డాక్టరమ్మ ఇటు నుంచి చూసింది, బాబాయ్ కళ్ళజోడు సర్దుకుని అటు నుంచి చూశాడు, నేను నడుము పట్టేసేదాకా చూశాను.

ఏమీ లేదు. ఆకాశం, మా ముగ్గురి మొహాలు. అంతే.